అక్క ఆగిన చోటు

మా పిన్నికి అరవై నాలుగేళ్ళు. ఎడమచేతి మధ్యవేలి కణుపు ఉబ్బి ఉంటుంది. మబ్బు పట్టిందంటే చాలు, కుడి భుజం పోటు మొదలవుతుంది. చత్వారం సంగతి సరేసరి. అలాంటి మనిషి ఒక బుధవారం మధ్యాహ్నం ఫోన్ చేసి, "నేనొక బేస్ గిటారు కొనుక్కోవాలే. తోడు రా," అంది.

నేను కట్టుడుపళ్ళు తయారుచేసే చోట పనిచేస్తాను. ఆ సమయానికి ఎవరిదో కింది దవడ అచ్చు నా చేతిలో ఉంది. దాన్ని బల్లమీద పెట్టి, "బేస్ గిటారు దేనికి పిన్నీ?" అన్నాను.

"వాయించుకోవడానికి. బట్టలారేసుకోవడానికి కాదుగా."

మా ఇంటి ఆడవాళ్ళందరికీ కోపం ముక్కుమీదే ఉంటుంది. పిన్నికీ నాకూ క్షణం పడదు, అలాగని నాలుగు రోజులు మాట్లాడుకోకుండా ఉండలేం. ఆ గుణం రానిది మా అమ్మకి ఒక్కదానికే. అమ్మ పోయి అప్పటికి ఏడాదిన్నర అయింది. ఆ ఏడాదిన్నరలో పిన్ని తనకంటూ ఏదైనా కావాలని అడగడం అదే మొదలు. అందుకే ఇంకేం వాదించకుండా సరే అన్నాను.

పిన్ని బట్టలు సరిచేస్తుంది. కొత్త బట్ట ఒక్కటీ కుట్టదు. వదులైన నడుము బిగిస్తుంది, బిగుతైన చంక విప్పుతుంది, నాన్న కోటు కొడుక్కి సరిపోయేలా భుజాలు దించుతుంది. మెట్ల కింద ఒక చిన్న గది, అందులో కుట్టుమిషను, నిలువుటద్దం, గోడకి గుచ్చిన సూదులు. మనిషి గుమ్మంలో అడుగుపెడితే చాలు, ఏ భుజం కిందికి ఉందో చెప్పేస్తుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అదే పని. ఆ గదిలో కొలతలిచ్చిన వాళ్ళలో ఒక్కరికి కూడా ఆవిడ ఒకప్పుడు బ్యాండులో వాయించేదని తెలియదు. తెలిసిన మేమే మరిచిపోయాం, వాళ్ళనేం అంటాం.

అమ్మకి ఇరవై నాలుగేళ్ళప్పుడు, పిన్నికి పంతొమ్మిదప్పుడు ఇద్దరూ ఒక హోటలు భోజనాల హాల్లో సాయంత్రాలు పాడి వాయించేవాళ్ళు. అమ్మ పాడేది. పిన్ని బేస్ గిటారు. పియానోకి ఒకాయన, డ్రమ్ములకి ఒకాయన. గిటారు హోటలువాళ్ళది. పిన్నిది కాదు. నాలుగేళ్ళ తర్వాత హోటలు చేతులు మారింది, హాలు ఎత్తేశారు, గిటారు ఎటు పోయిందో తెలియదు. ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. మిగిలింది ఒక్క క్యాసెట్టు. వడ్డన చేసే మనిషి ఎవరో బల్లమీద టేప్ రికార్డరు పెట్టి ఒక సాయంత్రమంతా పట్టాడట.

మా ఇంట్లో దాని పేరు అమ్మ టేపు. అందులో అమ్మ గొంతుంది, పియానో ఉంది, డ్రమ్ముల మీద పుల్లలకి బదులు వాడే తీగల కుంచె రాసే చప్పుడుంది, చెంచాలు పళ్ళేలకి తగలడం కూడా ఉంది. పిన్ని మాత్రం లేదు. ఎంత చెవులు రిక్కించినా లేదు. బేస్ గిటారుది పాట కింద నడిచే లావు గొంతు. ఉన్నప్పుడు ఎవరూ దాన్ని విడిగా వినరు. అమ్మ టేపులో అయితే అసలు వినడానికే ఏమీ లేదు. చిన్నప్పుడు నేను, "పిన్నీ, నువ్వు నిజంగా ఆ రోజు వెళ్ళావా, ఎగ్గొట్టావా?" అని ఏడిపించేదాన్ని. పిన్ని నవ్వేది. ఆ నవ్వు బాగోలేదని అప్పట్లో నాకు తెలియలేదు.

ఆ టేపులో మూడో పాట మా బంధువుల్లో పేరు మోసింది. పాట మధ్యలో, రెండో చరణం ఎత్తుకోబోతూ అమ్మ ఆగుతుంది. డ్రమ్ము మీద కుంచె మాత్రం నడుస్తూనే ఉంటుంది. వినేవాళ్ళు ఊపిరి బిగబడతారు. అప్పుడు అమ్మ, తొందరేమీ లేనట్టు, ఆ మాట అందుకుంటుంది. "అలా ఆగడం ఎంత చదివినా రాదు," అనేవాళ్ళు. అమ్మ ఏమీ అనేది కాదు. పిన్ని మాత్రం ఒంటికాలి మీద లేచేది. "ఆగడమూ లేదు, పాడూ లేదు. అక్క మాట మర్చిపోయింది. నేను కింద పట్టుకుని నిలబెట్టాను కాబట్టి బతికిపోయింది," అనేది. అమ్మ టీ గ్లాసు కింద పెట్టి, "అవునే, మర్చిపోయాను," అనేది నవ్వుతూ. నలభై ఏళ్ళకి పైగా ఇదే మాట, ఇదే జవాబు.

ఇక ఆ టేపుకొక కట్టుబాటుంది. అమ్మ దగ్గరున్న చిన్న టేప్ రికార్డర్లో తప్ప ఇంకెందులోనూ పెట్టకూడదు. వెనకటికి ఎవరింట్లోనో పెద్ద మిషన్లో పెడితే వేరే క్యాసెట్టు నమిలేసిందట. అప్పట్నుంచి ఆ చిన్న డబ్బా, అరచేతంత స్పీకరు, అంతే. ఫోన్లు వచ్చాక నేను ఫోనుని ఆ డబ్బా ముందు పట్టుకుని పాటలన్నీ ఎక్కించి చుట్టాలందరికీ పంపాను. గొప్ప పని చేశాననుకున్నాను.

అమ్మ పోయాక ఆ డబ్బా పిన్ని దగ్గరికి చేరింది. కుట్టుమిషను పక్కన పెట్టుకుని రోజుకొకసారి వినేది. కొన్నాళ్ళకి చక్రాల దగ్గర గోధుమరంగు పొడి కనబడింది. టేపు అరిగిపోతోంది. దాంతో భయం పట్టుకుంది.

"అది పోయేలోగా ఒక్కసారి అక్క పక్కన కూర్చుని వాయించాలే," అంది, గిటారు కొట్టుకి వెళ్తూ బస్సులో. "నాకు పాటలన్నీ గుర్తే. ఆ ఆగిన చోట నేనేం వాయించానో అదొక్కటే గుర్తు రావడం లేదు. తల బద్దలు కొట్టుకున్నా రావడం లేదు. చేతికి గుర్తుంటుంది. కానీ చేతికి గుర్తు రావాలంటే ఆ చప్పుడు రావాలి."

మొదటి కొట్లో అద్దాల గది, గోడ నిండా గిటార్లు. అక్కడి అబ్బాయి మెరిసిపోయే అయిదు తీగల గిటారొకటి తీసి బొటనవేలితో తీగల్ని బాది చూపించాడు. టంగుమని చెవిలో గిన్నె పడ్డట్టు మోగింది.

"ఇది కాదు బాబూ," అంది పిన్ని. "ఇది నన్ను చూడు నన్ను చూడు అంటోంది. నాక్కావాల్సింది దుబ్ అని వచ్చి ఊరుకునేది."

"పాత శబ్దం కావాలంటే ఎఫెక్టులుంటాయి ఆంటీ," అన్నాడతను. "ఒక బటన్ నొక్కితే పాతదైపోతుంది."

"నన్ను కూడా ఒక బటన్ నొక్కి కొత్తది చెయ్యగలవా?" అంది పిన్ని. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

అలా నాలుగు కొట్లు తిరిగాం. ఒక్కోచోటా ఆవిడ చేసే పని ఒకటే. గిటారు మెడ చుట్టూ వేళ్ళు వేసి, చొక్కా చేతి కొలత తీసుకున్నట్టు పైనుంచి కిందికి జరుపుతుంది. తర్వాత టోన్ అనే మీటని సున్నా దాకా తిప్పేసి ఒక్క తీగ మీటి, కళ్ళు మూసుకుని, తల అడ్డంగా ఊపుతుంది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఒక ఆదివారం, "అన్నీ ఒకేలా మోగుతున్నాయి పిన్నీ, ఏదో ఒకటి తీసుకో," అని కసిరాను. "మీ పళ్ళు కూడా అన్నీ ఒకేలా ఉంటాయి. ఎవరివి ఎవరికో పెట్టి పంపించు," అంది. ఆ రోజు ఇద్దరం మాట్లాడుకోకుండా ఇళ్ళకి చేరాం.

చివరికి దొరికింది కొట్లో కాదు. వాయిద్యాలు బాగుచేసే ఒకాయన దగ్గర. సైకిళ్ళ రిపేరు షాపు వెనక ఆయన పని గది. యాభై దాటిన మనిషి, మాట తక్కువ, చెవిమీద ఎప్పుడూ పెన్సిలు. ఒక మూల ఇటుక రంగు పెచ్చులూడిన పొట్టి గిటారు వేలాడుతోంది. నాలుగే తీగలు, మామూలు దానికంటే జానెడు పొట్టి మెడ. పిన్ని అడగకుండానే దించి ఒళ్ళో పెట్టుకుంది. ఉబ్బిన వేలు ఆఖరి మెట్టు దాకా హాయిగా అందింది.

"పొట్టి మెడైతే తీగ కాస్త వదులుగా ఉంటుందమ్మా. అందుకే మెత్తగా పలుకుతుంది," అన్నాడాయన. "శుభ్రం చేసి కొత్త తీగలేసి ఇస్తాను. వారం తర్వాత రండి."

వారం తర్వాత వెళ్తే గిటారు పెళ్ళికూతురిలా తయారై ఉంది. రంగు తుడిచాడు, తళతళలాడే తీగలు కట్టాడు. పిన్ని ఒక్కసారి మీటి, "అయ్యో నాయనా, ఎంత పని చేశావు," అంది. మళ్ళీ టంగు.

ఆయన నొచ్చుకోలేదు. స్టూలు లాగి కూర్చుని, "మీకు ఎలా కావాలో చెప్పండి. నేను వింటాను," అన్నాడు. అంతమంది కొట్లవాళ్ళలో ఆ మాటన్నవాడు ఆయనొక్కడే. పిన్ని ముఖం మారిపోయింది. గంటసేపు చెప్పింది. హోటల్లో తీగలు నున్నగా రిబ్బనులా ఉండేవట, వేలు జరిపితే చప్పుడయ్యేది కాదట. నాలుగేళ్ళూ ఒక్కసారి కూడా మార్చలేదట. గోరు తగలకుండా బొటనవేలి కండతోనే మీటేదట. కింద, తీగలు ముడేసే చోట, మెత్త ఒకటి దోపేదట.

"ఏం మెత్త?" అన్నాడాయన.

"అక్క కోటు భుజంలోది. మొదటిరోజు నా గిటారు మరీ మోగిపోతోందని పక్కకి తీసుకెళ్ళి, తన కోటు కుట్లు పళ్ళతో కొరికి, లోపలి మెత్త పీకి తీగల కింద కుక్కింది. నాలుగేళ్ళూ ఒక భుజం వంగినట్టే నిలబడి పాడింది." పిన్ని వేలితో గిటారు తీగల కింద తడిమింది. "నేను బట్టలు సరిచేయడం నేర్చుకున్నాక కూడా ఆ కోటు అడిగి సరిచెయ్యలేదు. ఎప్పుడో ఇచ్చేసింది ఎవరికో."

ఆయన పని మొదలుపెట్టాడు. గరుకు తీగలు విప్పేసి, ఎవరో వదిలేసి వెళ్ళిన పాత గిటారు నుంచి చదును తీగలు నాలుగు తీసి కట్టాడు. అవి మసిబారి ఉన్నాయి. తుడవబోతే పిన్ని చెయ్యి అడ్డుపెట్టింది. మెడలో దాగి ఉండే ఇనప కడ్డీని పావు చుట్టు తిప్పాడు. తీగల చప్పుడు పట్టుకునే అయస్కాంతాన్ని రెండు మరలు కిందికి దించాడు, అప్పుడుగానీ పదును తగ్గలేదు. మెత్త దగ్గర మాత్రం మూడు వారాలు పట్టింది. గిన్నెలు తోమే స్పాంజి పెడితే గొంతు నొక్కేసినట్టయింది. పరుపు ముక్క పెడితే రెండు తీగలు మోగి రెండు మూగబోయాయి. చివరికి పిన్ని తన దుకాణంలోంచి ఒక పాత కోటు భుజం మెత్త తెచ్చి, సగానికి చీల్చి, దారంతో ఒక కుట్టేసి దోపింది. బొటనవేలితో లావు తీగ మీటింది.

దుబ్.

నేను సంగీతం తెలిసినదాన్ని కాదు. కానీ ఆ చప్పుడు చెవికంటే ముందు నేను కూర్చున్న చెక్క పెట్టెకి తెలిసింది. పిన్ని కళ్ళు తెరవకుండా ఇంకోసారి మీటింది, ఇంకోసారి. ఆయన చెవిమీది పెన్సిలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి తెచ్చాక అసలు కష్టం మొదలైంది. డబ్బాలో అమ్మ పాడుతుంటే పిన్ని పక్కన కూర్చుని వాయించేది. మొదటి రెండు పాటలూ చక్కగా నడిచేవి. మూడో పాటలో ఆ చోటు రాగానే చెయ్యి తడబడేది. నాలుగు స్వరాలు వేసి చూసింది, ఎనిమిది వేసి చూసింది, ఒక్కటే పట్టుకుని ఊరుకుంది. ఏదీ కుదరలేదు. అమ్మ ఎప్పటిలాగే ఆగేది, ఎప్పటిలాగే అందుకునేది. పిన్నికీ అమ్మకీ మధ్య ఏదో పొసగడం లేదని నాకే తెలిసిపోయేది.

"ఆ పాట వదిలేసి మిగతావి వాయించుకోరాదూ," అన్నాడు బాబాయి. బస్సుల వేళలు రాసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, ఆయనకి ఏదీ ఆలస్యమవడం ఇష్టం ఉండదు.

"ఆ పాటకోసమే కదా ఇదంతా," అంది పిన్ని. తర్వాత నాతో, వంటగదిలో, కుళాయి తిప్పి ఆ చప్పుడులో అంది. "అక్కని చూడాలని లేదే నాకు. చూడలేనని తెలుసు. వెనక ఉండి వాయిస్తున్నప్పుడు వీపు మాత్రమే కనబడేది, అది చాలు. ఆ వీపు వెనక కూర్చోవాలని ఉంది. అక్కడికి వెళ్ళే దారి ఆ ఒక్క ముక్కే, అది నాకు గుర్తు రావడం లేదు." నేను కుళాయి కట్టేశాను.

మర్నాడు ఇద్దరం డబ్బాతో సహా రిపేరాయన దగ్గరికి వెళ్ళాం. సంగతి విని, ఆయన డబ్బాని అటూ ఇటూ తిప్పాడు. పక్కన చిన్న రంధ్రం ఒకటుంది. దానిమీద కొన్ననాటి కాగితం బిళ్ళ అలాగే అంటుకుని ఉంది. గోరుతో గీకేశాడు.

"ఇక్కడ వైరు పెడితే పెద్ద స్పీకర్లో వినొచ్చమ్మా. టేపు బయటికి తియ్యక్కర్లేదు."

పిన్ని చాలాసేపు ఆలోచించింది. టేపు డబ్బా దాటడం లేదు కాబట్టి కట్టుబాటు తప్పినట్టు కాదని తేల్చుకుంది. ఆయన వైరు గుచ్చి, నడుమెత్తు ఉన్న స్పీకరు పెట్టెకి తగిలించి, మీట నొక్కాడు.

పియానో వచ్చింది. అమ్మ వచ్చింది. అమ్మ కింద, నేల కింద నడుస్తున్నట్టు, దుబ్, దుబ్, దుబ్.

 పిన్ని అక్కడే ఉంది. నలభై ఐదేళ్ళుగా అక్కడే ఉంది. "అరచేతంత స్పీకరు ఈ లావు చప్పుడు పలకలేదమ్మా," అన్నాడాయన మెల్లిగా. "అందులోనూ మీరు మెత్త పెట్టి పదునంతా తీసేశారు. దానికి పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు." నేను డబ్బా ముందు ఫోను పట్టుకుని చుట్టాలందరికీ పిన్ని లేని పాట పంచిపెట్టానన్నమాట. సిగ్గేసింది.

పిన్ని నవ్వుతోంది, కళ్ళు కారుతున్నాయి. మొదటి పాట, రెండో పాట. ఎక్కడికక్కడ తన వేళ్ళు ఒళ్ళో కదులుతున్నాయి. మూడో పాట వచ్చింది. ఆ చోటు దగ్గరపడింది. పిన్ని ముందుకు వంగింది.

అమ్మ ఇంకా ఆగలేదు. ముందు బేస్ తప్పింది. రెండో చరణానికి తాళంలో ఒక చుట్టు ముందే ఎక్కేసింది, తప్పు తెలిసి గతుక్కుమని నిలిచిపోయింది. అప్పుడు ఆగింది అమ్మ. కుంచె చప్పుడు నడుస్తోంది. కింద ఒక స్వరం, అది కాదు. ఇంకోటి, అదీ కాదు. చీకట్లో చెప్పులు వెతుక్కుంటున్నట్టు రెండు మూడు తడుములాటలు. తర్వాత, దొరికింది. దుబ్. ఆ దెబ్బ మీదే, తొందరేమీ లేనట్టు, అమ్మ ఆ మాట అందుకుంది.

ఆయన టేపు ఆపాడు. 

"మర్చిపోయింది అక్క కాదా?" అంది పిన్ని, నన్నడిగినట్టు. "నేనా? భయంలో నాకు నా వేళ్ళు తప్ప ఏమీ వినబడలేదే. అక్క ఆగిపోయిందని మాత్రం తెలిసింది. నేను నిలబెట్టాననుకున్నాను." చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నలుగురిలో ఎన్నిసార్లు అన్నానే. ఎంతమంది ముందు అన్నాను. ఒక్కసారి, ఒక్కసారి కాదే నువ్వే అని ఉంటే దాని సొమ్మేం పోయేది?"

అమ్మ టీ గ్లాసు కింద పెట్టి నవ్వే నవ్వు నాకు కళ్ళముందు కనబడింది. ఆ నవ్వులో ఏముందో నేనూ ఎన్నడూ అడగలేదు.

రిపేరాయన ఆ స్పీకరు పెట్టెనీ, చేతిలో పట్టే రికార్డరొకటీ అరువిచ్చాడు. టేపు కాస్త నెమ్మదిగా తిరుగుతోందని గిటారు తీగల్ని ఒక వెంట్రుకవాసి దించి శ్రుతి కలిపి పంపాడు. ఆదివారం పగలు పిన్ని ఇంట్లో ముందుగది తలుపులు మూశాం. డబ్బా, స్పీకరు, గిటారు. రికార్డరు బాబాయి చేతిలో ఉంది.

"ఇప్పుడు నువ్వు టేపులో ఉన్నావుగా పిన్నీ, మళ్ళీ వాయించడం దేనికి?" అన్నాను.

"అందులో ఉన్నది ఆ పిల్ల. నేనెక్కడ కూర్చున్నాను?"

"సరే, వాయించు. కానీ ఆ చోట సరిగ్గా వాయించెయ్. నీ చప్పుడు పైన ఉంటుంది కాబట్టి కింది తప్పు కప్పబడిపోతుంది. ఎవరికీ తెలియదు."

పిన్ని నా వంక, తక్కువ బట్ట తెచ్చి పెద్ద కోటు కుట్టమన్నవాళ్ళ వంక చూసే చూపు చూసింది. "సరిగ్గా వాయిస్తే అక్క ఎవరికోసం ఆగినట్టే?"

మూడో పాటలో ఆ చోటు రాగానే, అరవై నాలుగేళ్ళ పిన్ని, పంతొమ్మిదేళ్ళ పిన్నితో కలిసి ఒక చుట్టు ముందే ఎక్కేసింది. ఇద్దరూ కలిసి గతుక్కుమన్నారు. అమ్మ ఆగింది. ఇద్దరూ తడుముకున్నారు, ఒక స్వరం, ఇంకో స్వరం. అమ్మ ఎదురుచూసింది. దొరకగానే అందుకుంది. ఈసారి మధ్యలో ఎక్కడా పొసగనిదేమీ లేదు.

పాట అయిపోయాక పిన్ని అరచెయ్యి తీగలమీద ఆన్చి చప్పుడు ఆపింది. వంగి డబ్బా మీట నొక్కింది. నొక్కిన చెయ్యి దానిమీదే ఉంచి, "మర్చిపోయింది నేనక్కా," అంది.

బాబాయి రికార్డరు ఇంకా ఆపలేదు. ఆ మాట కూడా అందులో ఉంది.